వాడేసిన .22 తూటాని మళ్లీ నింపుకోవచ్చా?

ప్లానో_గురి | డల్లాస్ | జనవరి 11

అందరికీ నమస్తే. .308 అనే పెద్ద రైఫిల్ తూటాలు ఇంట్లోనే నింపుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ప్రెస్సు, డైలు (తూటాని బిగించే అచ్చులు), త్రాసు అన్నీ గ్యారేజీలో ఒక బల్ల మీద పెట్టుకున్నాను. నేను అక్కడ కూర్చునే శ్రద్ధ చూసి మా ఆవిడ ఆ బల్లకి "మీ పూజగది" అని పేరు పెట్టింది.

ఈ మధ్య .22 బోల్ట్ రైఫిల్ ఒకటి తీసుకున్నాను. ఆదివారం రేంజికి వెళ్తే కాళ్ల కింద ఖాళీ .22 ఇత్తడి గొట్టాలు చింతగింజల్లా పడి ఉంటాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. .308 కేసు (తూటా ఇత్తడి గొట్టం) ఒకటి ఏరుకుంటే ఆరేడు సార్లు వాడుకుంటాం. వీటిని మాత్రం బకెట్‌లో పోసి పాత ఇత్తడికి ఇచ్చేస్తున్నారు.

రెండు ప్రశ్నలు. వీటిని మళ్లీ నింపే దారి ఏమైనా ఉందా? అది కుదరకపోతే, కొత్త తూటాకే గుండు ఊడదీసి, లోపలి తుపాకిమందు నాకు నచ్చినట్టు మార్చి, మళ్లీ గుండు బిగిస్తే? .308లో సొంత లోడుతో (నేను నింపిన మందుతో) నా గ్రూపు, అంటే టార్గెట్ మీద రంధ్రాలు పరుచుకునే వెడల్పు, సగానికి తగ్గింది. ఆ రుచి మరిగాక, పెట్టెలో వచ్చింది వచ్చినట్టు కొట్టాలంటే చేతులు ఊరుకోవడం లేదు.

లేత్_మాస్టర్ | డెట్రాయిట్ | జనవరి 11

మొదటిదానికి సమాధానం: కుదరదు. రెండోదానికి సమాధానం: వద్దు. ఈ రెండూ ఒకటి కాదు, విడివిడిగా చెప్తాను.

మీ .308 కేసు అడుగున మధ్యలో గుంట ఉంటుంది. దెబ్బ తగిలితే రగిలి మందుని అంటించే ప్రైమర్ అనే బుల్లి గిన్నె అందులో విడిగా కూర్చుంటుంది. పేలాక దాన్ని ఊడగొట్టి కొత్తది పెడతారు, కేసుకి ఏమీ కాదు. .22కి ఆ గిన్నే లేదు. కజ్జికాయ అంచు మడిచి నొక్కుతాం చూడండి, ఆ మడతలోకి కూడా కాస్త పూర్ణం దూరిపోయి ఉంటుంది కదా, అలాంటిదే ఇది. గొట్టం అడుగు అంచు లోపల బోలుగా ఉంటుంది. ఫ్యాక్టరీలో ప్రైమర్ ముద్దని తడిగా ఉండగానే గొట్టంలో వేసి, గిరగిరా తిప్పి ఆ బోలులోకి నెట్టి, తర్వాత ఆరబెడతారు. తడిగా ఉండగా అని ఎందుకన్నానంటే, ఆరాక అది ఎంత చిన్న దెబ్బకైనా అంటుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే తుపాకి పిన్ను వచ్చి అంచు మీద కొడుతుంది, దాంతో మడత నలిగి లోపలిది రగులుతుంది. అంటే ఈ తూటా పేలాలంటే అంచు పాడైపోవాల్సిందే. పాడైన అంచులోకి మళ్లీ ఏం ఎక్కిస్తారు?

అంచు నలగాలంటే ఇత్తడి పల్చగా ఉండాలి. పల్చగా ఉంటే ఎక్కువ ఒత్తిడికి ఆగదు. .22 ఎల్‌ఆర్‌కి (లాంగ్ రైఫిల్, మనం మామూలుగా కొట్టే .22) పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. మీ .308కి 62,000. ఆ తేడాకి పెద్ద కారణం ఆ పల్చటి అంచే.

గుండు సంగతి కూడా వేరే. .308లో గుండు కేసు మెడలోకి దిగుతుంది. .22 ఎల్‌ఆర్‌లో గుండు వ్యాసం, కేసు బయటి వ్యాసం ఒకటే. గుండు మడమ మాత్రం సన్నగా చేసి లోపలికి దూర్చి, కేసు మూతి నొక్కుతారు. పూజగదిలో ఉన్న డైలు ఒక్కటీ దీనికి పనికిరావు.

పాత_ఇత్తడి | న్యూజెర్సీ | జనవరి 12

నేను కాల్చేది తక్కువ, పాత కేసులు పోగుచేసేది ఎక్కువ. కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను.

ఇదంతా 1845 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఫ్లోబెర్ అనే ఆయన దగ్గర మొదలైంది. ప్రైమర్ క్యాప్ మూతికే చిన్న గుండు పెట్టి ఇంట్లో సరదాకి కాల్చుకునే తుపాకి చేశాడు. అందులో మందే లేదు, ప్రైమర్ బలమే. 1857లో స్మిత్ అండ్ వెస్సన్ తమ మొదటి రివాల్వర్‌కి .22 షార్ట్ తెచ్చింది. మనం ఈ రోజు కొడుతున్న .22 లాంగ్ రైఫిల్ 1887లో స్టీవెన్స్ కంపెనీది. 40 గ్రెయిన్ల (తూటాల బరువు కొలత) గుండు, 5 గ్రెయిన్ల నల్లమందు. మందు మారింది కానీ గుండు బరువు నేటికీ మామూలుగా అదే 40.

అసలు కథ మధ్యలో ఉంది. ఒకప్పుడు పెద్ద తూటాలు కూడా ఇలా అంచు దెబ్బతో పేలేవే. అమెరికా అంతర్యుద్ధంలో వాడిన హెన్రీ రైఫిల్‌ది .44 రిమ్‌ఫైర్ (అంచు దెబ్బతో పేలేది). విన్‌చెస్టర్ 1866 మోడల్ కూడా దాన్నే వాడింది. 1873 మోడల్‌కి వచ్చేసరికి .44-40 అనే సెంటర్‌ఫైర్‌కి (అడుగు మధ్యలో విడి ప్రైమర్ ఉండేదానికి) మారిపోయారు. అడవుల్లో, పశువుల మందల వెంట తిరిగేవాడికి దుకాణం వందమైళ్ల దూరం. కేసు ఏరుకుని రాత్రి మంట దగ్గర కూర్చుని మళ్లీ నింపుకోగలిగితే వాడికి ఎంత సుఖం! కంపెనీ ఆ నింపుకునే పనిముట్లు కూడా అమ్మింది. పెద్ద తూటాల్లో రిమ్‌ఫైర్ పోవడానికి బలం ఒక కారణమైతే, మీరు అడిగిన ప్రశ్న ఇంకో కారణం. ప్లానో తమ్ముడూ, నీ ప్రశ్నకి నూట యాభై ఏళ్ల వయసుంది.

అన్నట్టు రేంజిలో ఈసారి ఖాళీ కేసుల అడుగు చూడు. కొన్నిటి మీద "హెచ్" అక్షరం కనపడుతుంది. ఆ హెన్రీ రైఫిల్ చేసిన బెంజమిన్ టైలర్ హెన్రీ గుర్తుగా విన్‌చెస్టర్ వేసేది.

కర్నూలు_మాస్టారు | కర్నూలు | జనవరి 12

కాలేజీలో పాఠాలు చెబుతూ ఎన్‌సీసీ చూసినవాణ్ని. మాకు తెలిసిన .22 అంటే డీలక్స్ రైఫిల్, 25 గజాలు, పడుకుని కొట్టడం. పిల్లలకి ఒక్కొక్కరికి ఐదు తూటాలు. ఫైరింగ్ అయ్యాక ఖాళీ కేసులు లెక్కపెట్టేవాళ్లం. ఒక్కటి తగ్గినా ఎవరినీ ట్రక్కు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. ఓసారి అరగంట గడ్డి దువ్వాం. చివరికి అది ఒక కుర్రాడి బూటులో దొరికింది.

ఇక్కడ ఇండియా నుంచి చదివే పిల్లలు ఉంటారు కాబట్టి చెప్పాలి. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడం ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. యూట్యూబ్‌లో ఎవరో అమెరికావాడు చేశాడని ఇక్కడ గ్యారేజీలో మొదలుపెట్టకండి.

అమెరికా నుంచి సెలవులకి వచ్చేవాళ్లకి ఇంకో మాట. రేంజికి తీసుకెళ్లే బ్యాగులోనే బట్టలు సర్దుకుని విమానం ఎక్కొద్దు. మూల జేబులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌లో కనిపిస్తే ఇంటికి వెళ్లేది పోలీస్ స్టేషన్ మీదుగానే.

బక్కతూటా | ఆస్టిన్ | జనవరి 12

మాస్టారూ, బూటులో దొరికిన ఆ కుర్రాడు నేను కాదు కదా? నేనూ కర్నూలే 😅

మాస్టారు చెప్పని సంగతి ఒకటి. ఇక్కడ హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తుపాకే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వస్తే ఆ అడ్డు లేదు. "స్నేహితుడిది, నా దగ్గర పెట్టాడు" అంటే నడవదు. నా రూమ్మేట్‌కి ఇది చెప్తే మొహం మాడిపోయింది. వాడి అల్మారాలో రెండు పెట్టెలు ఉన్నాయి మరి.

ప్లానో_గురి | డల్లాస్ | జనవరి 13

నాకు గ్రీన్‌కార్డు ఉంది, టెక్సాస్‌లో సొంతానికి నింపుకోవడం చట్టబద్ధమే, ఆ టెన్షన్ లేదు. కజ్జికాయ ఉదాహరణతో మొదటి ప్రశ్న తీరిపోయింది. కానీ రెండోది వదల్లేకపోతున్నాను. ఫ్యాక్టరీ తూటాలో అంచు నలగలేదు, ప్రైమర్ అలాగే ఉంది. గుండు పీకి మందు మార్చడంలో తప్పేంటి? 2013లో .22లు దొరక్క షాపుల్లో మనిషికి ఒక్క పెట్టె అని ఇచ్చిన రోజుల్లో చాలామంది ఏదేదో చేశారని విన్నాను.

మంచుగడ్డ_మావయ్య | మిన్నెసోటా | జనవరి 13

చేశారు. ఏం చేశారో నాకు తెలుసు, అందుకే చెప్పను. అల్లుడూ, నేను చేసిన వెధవపని మాత్రం చెప్తాను విను.

మందు అసలే లేకుండా ప్రైమర్ బలంతోనే పోయే .22 తూటాలు అమ్ముతారు. చప్పుడు గాలితుపాకి అంత. పెట్టె మీద "రైఫిల్‌లో వాడొద్దు" అని రాసి ఉంది. నేను చదవలేదు. పొడుగు గొట్టం రైఫిల్‌లో పెట్టి పెరట్లో డబ్బా మీద కొట్టాను. టప్ మంది, డబ్బా కదల్లేదు. గురి తప్పిందనుకుని ఇంకోటి పెట్టబోయాను. పక్కన ఉన్న మా వాడు చెయ్యి పట్టుకున్నాడు. బోల్టు తీసి గొట్టంలోకి చూస్తే చీకటి. గుండు సగం దారిలో ఆగిపోయి ఉంది. దాని వెనకాల మామూలు తూటా కొట్టి ఉంటే ఆ రైఫిల్ గోడకి తగిలించుకోవడానికి మిగిలేది, నా వేళ్ల సంగతి చెప్పలేను.

నువ్వు మందు కాస్త తగ్గిస్తే నాకు జరిగిందే నీకు జరుగుతుంది. కాస్త పెంచితే పల్చటి అంచు చిట్లి వేడిగాలి నీ కళ్లవైపు వస్తుంది. .308కి లోడు పుస్తకాలు ఉన్నాయి. ఏ మందు, ఎన్ని గ్రెయిన్లు, ఎంత ఒత్తిడి అని పరీక్షించి రాసినవి. .22కి అలాంటి పుస్తకం ఎవరూ వెయ్యలేదు. ఆ కేసులో పట్టే మందే గ్రాములో పదో వంతు అటూ ఇటూ. నీ త్రాసు ఒక్క గీత తప్పినా అది చాలా పెద్ద వంతు.

నిర్వాహకుడు | జనవరి 13

గుండు ఊడదీయడం, ప్రైమర్ ముద్ద కలపడం గురించి ఇక్కడ వివరాలు రాయొద్దు. రెండు పోస్టులు తీసేశాను. మిగతా చర్చ బాగుంది, సాగనివ్వండి.

లేత్_మాస్టర్ | డెట్రాయిట్ | జనవరి 14

మావయ్య చెప్పింది చాలు, నేను దానికి ఏమీ కలపను. ప్లానో గారూ, మీ చేతుల దురదకి మందు వేరే ఉంది. రిమ్‌ఫైర్‌లో ప్రయోగం చేసేవాడు మార్చేది తూటా లోపలిది కాదు, తూటాల ఎంపిక. .308లో మీరు వంటవాళ్లు. .22లో మీరు రుచి చూసేవాళ్లు. అది కూడా సులువైన పనేం కాదు.

లెక్క చూడండి. మామూలు స్టాండర్డ్ తూటా సెకనుకి 327 మీటర్ల దగ్గర బయల్దేరుతుంది. 50 మీటర్లు పోవడానికి 0.16 సెకన్లు పడుతుంది. ఈ లోపు భూమి దాన్ని 12 సెంటీమీటర్లు కిందకి లాగుతుంది. గురి కట్టేటప్పుడు మీరు సరిచేసుకునేది ఈ 12నే. ఇప్పుడు ఒక తూటా ఇంకోదానికంటే సెకనుకి 10 మీటర్లు వేగంగా బయల్దేరిందనుకోండి. 10 మీటర్లంటే మూడు శాతం. పడే దూరం వేగం వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి అది ఆరు శాతం అవుతుంది. 12 సెంటీమీటర్లలో ఆరు శాతం అంటే 7 మిల్లీమీటర్ల పైనే. ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. మీ చెయ్యి ఏమాత్రం వణక్కపోయినా ఆ వలయంలో మీకున్న వెసులుబాటులో చాలా భాగం తూటాయే తినేస్తుంది.

100 మీటర్లకి వెళ్తే ఇదే తేడా దాదాపు నాలుగు రెట్లు అవుతుంది.

క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) ఒకటి అప్పు తెచ్చుకోండి. ఒకే పెట్టెలో 20 తూటాల వేగం రాయండి. మీకే అర్థమవుతుంది.

ఫీనిక్స్_అమ్మ | ఆరిజోనా | జనవరి 15

నేను తుపాకి ఎప్పుడూ కాల్చలేదు. మా అమ్మాయి కాలేజీ రైఫిల్ టీమ్‌లో ఉంది, ఆ బిల్లులు కట్టేది మేము. కాబట్టి నేనూ ఓ మాట.

మీరంతా "లాట్" అన్న మాట ఇంకా అనలేదేంటి? ఇంటికి టైల్స్ కొనేటప్పుడు ఒకే డిజైన్ అయినా బ్యాచ్ నంబరు చూసుకుంటాం, లేకపోతే గోడ మీద రంగు తేడా తెలిసిపోతుంది. తూటాలు కూడా అంతే. ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే ధర. కానీ పెట్టె మీద లాట్ నంబరు మారితే మా అమ్మాయి రైఫిల్‌లో ఇంకో తూటాలా ప్రవర్తిస్తుంది. పక్కమ్మాయి రైఫిల్‌లో బాగా కొట్టిన లాట్ దీనిలో బాగా కొట్టదు. ఒక్కో తుపాకి గొట్టం ఒక్కో రకమట.

మా ఊరి పక్కనే మీసాలో లాపువా అనే తూటాల కంపెనీ వాళ్ల పరీక్ష కేంద్రం ఉంది. క్రితం ఏడాది తీసుకెళ్లాం. రైఫిల్‌ని చెక్కలోంచి విప్పి ఒక ఇనుప చట్రానికి బిగించారు. మనిషి చెయ్యి అసలు తగలదు. ఒక లాట్, ఇంకో లాట్, ఇంకో లాట్, వరసగా కొడుతూ పోయారు. 50 మీటర్ల దగ్గర, 100 మీటర్ల దగ్గర రెండు చోట్లా తెర మీద చుక్కలు పడుతుంటే మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసింది. నాకైతే పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు అనిపించింది, ఒక్కో సంబంధం వస్తోంది, "ఇది వద్దు, తర్వాతిది". చివరికి ఒకటి కుదిరింది. ఏడాదికి సరిపడా ఆ లాట్‌వే కొన్నాం. ధర చెప్తే మా అత్తగారు మూర్ఛపోతారు కాబట్టి ఇక్కడ కూడా రాయను.

గచ్చిబౌలి_గురి | హైదరాబాద్ | జనవరి 15

అక్కా, పెళ్లిచూపుల మాట సూపర్. మాకు అన్ని సంబంధాలు చూసే అదృష్టం లేదు. ఇక్కడ మంచి తూటా అంటే దిగుమతే. వచ్చిన లాట్ ఏదో అదే. సెంట్రల్ యూనివర్సిటీ రేంజిలో మేము నలుగురం కలిసి మా వాటాలు ఒక చోట పెట్టుకుని, ఎవరి గొట్టానికి ఏ లాట్ నచ్చితే అది రేంజిలోనే సర్దుకుంటాం, అదీ రూల్స్ ఒప్పుకున్నంత మేరకే. ప్రతి తూటాకి రిజిస్టర్‌లో లెక్క ఉంటుంది.

మన ఊళ్లో ఈ ఆట పట్టించుకునేవాళ్లు తక్కువ అనుకుంటారు. గగన్ నారంగ్ పెరిగింది ఇక్కడే. 2012 లండన్‌లో ఆయనకి కాంస్యం వచ్చింది గాలి రైఫిల్‌లో, కానీ అదే ఒలింపిక్స్‌లో .22తో 50 మీటర్ల ప్రోన్ (పడుకుని కొట్టేది) కూడా కొట్టాడు. ఈషా సింగ్ హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో వెండి తెచ్చిన 25 మీటర్ల పిస్టల్ కూడా .22 తూటాయే. పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం కూడా 50 మీటర్ల రైఫిల్‌లో. వీళ్లెవరూ ఇంట్లో మందు నింపి కొట్టలేదు ప్లానో అన్నా. తూటా మార్చలేం అన్నది అందరికీ ఒకటే. అందుకే ఆటలో న్యాయం ఉంది.

ఒక చిన్న సలహా. గొట్టం శుభ్రం చేయగానే గ్రూపు కొట్టి "ఈ తూటా దండగ" అనకు. గుండు మీద మైనం లాంటి పూత ఉంటుంది. అది గొట్టం లోపల పరుచుకోవడానికి కొన్ని తూటాలు పోవాలి. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారినప్పుడు కూడా అంతే. నేను 15 వదిలేసి అప్పుడు లెక్క మొదలుపెడతా.

ప్లానో_గురి | డల్లాస్ | ఫిబ్రవరి 8

క్షమించండి, మూడు వారాలు మాయమయ్యాను. గుండు పీకే ఆలోచన మానేశాను (మావయ్యా, ఆ "గొట్టంలోకి చూస్తే చీకటి" అన్న మాట రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు). త్రాసు మాత్రం ఖాళీగా ఉండలేదు.

500 తూటాల ఇటుక ఒకటి కొన్నాను. ఒక్కోటి తూచాను. తూటా మొత్తం బరువు 3.3 గ్రాముల చుట్టూ ఉంది. తేలికవి, మధ్యవి, బరువైనవి అని మూడు డబ్బాల్లో వేశాను. ఆదివారం గాలి లేదు. ఒక్కో డబ్బాలోంచి ఐదేసి తూటాల గ్రూపులు రెండు చొప్పున కొట్టాను. మధ్య డబ్బా అదరగొట్టింది! రెండు గ్రూపులూ మిగతావాటిలో సగం. అంటే తూకం వేసి ఏరుకుంటే చాలు, ఖరీదైన తూటా అక్కర్లేదన్నమాట. రాత్రంతా కూర్చుని ఇంకో రెండు ఇటుకలు తూచాను. మా ఆవిడ వచ్చి "బంగారం కొట్టు పెట్టారా" అని అడిగి వెళ్లింది.

లేత్_మాస్టర్ | డెట్రాయిట్ | ఫిబ్రవరి 8

అభినందనలు చెప్పే ముందు రెండు అనుమానాలు.

మీరు తూచింది మొత్తం తూటాని. 3.3 గ్రాముల్లో గుండే 2.6 గ్రాములు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఇత్తడి. మందు 0.1 గ్రాము చుట్టుపక్కల. సీసం రవ్వంత ఎక్కువైనా, ఇత్తడి రవ్వంత మందమైనా, అది మందులో ఉండే తేడాని మింగేస్తుంది. బరువైన తూటాలో మందు ఎక్కువుందో సీసం ఎక్కువుందో మీ త్రాసుకి తెలియదు. సంచితో కలిపి బియ్యం తూచి, అందులో రాళ్లెన్నో చెప్పమన్నట్టు ఉంది.

రెండోది ముఖ్యం. ఐదు తూటాల గ్రూపులు రెండే. మీ మధ్య డబ్బా తూటాలనే తీసుకుని, మళ్లీ పది గ్రూపులు కొట్టండి. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే మనిషి అయినా, ఆ పదిలో చిన్నదానికీ పెద్దదానికీ రెట్టింపు తేడా రావడం మామూలు. మీకు రెండు చిన్నవి ముందు తగిలి ఉండొచ్చు. పేకాటలో మొదటి రెండు చేతులూ రమ్మీ అయితే పేక మంచిదని అనుకుంటామా?

డబ్బాల మీద పేర్లు తీసేసి, ఏది ఏదో మీకు తెలియకుండా ఇంకొకరి చేత నింపించుకుని కొట్టండి. ఇది నా కోసం చేయండి.

మంచుగడ్డ_మావయ్య | మిన్నెసోటా | ఫిబ్రవరి 9

లేత్ గారు పాఠం చెబుతుంటే నేను మధ్యలో మంచు కబురు.

నిన్న ఇక్కడ మైనస్ 10. వేసవిలో మెత్తగా టక్ మనే నా స్టాండర్డ్ తూటాలు, నిన్న కొన్ని చిటపటలాడాయి. తుపాకి పాడైందనుకున్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అది ధ్వని వేగం. 40 డిగ్రీల హైదరాబాద్ ఎండలో ధ్వని సెకనుకి 355 మీటర్లు పోతుంది. మైనస్ 10లో 325కి పడిపోతుంది. 330 దగ్గర బయల్దేరే తూటా గచ్చిబౌలి తమ్ముడి దగ్గర హాయిగా ధ్వనికి వెనకాల పోతుంది, నా దగ్గర ధ్వనిని దాటేసి చిటపటమంటుంది. చలికి మందు కూడా కాస్త నీరసంగా మండుతుంది కాబట్టి అన్నీ దాటవు, కొన్ని దాటుతాయి, కొన్ని దాటవు. ధ్వని వేగం దగ్గర దాటే గుండు కుదుపు తింటుంది. మ్యాచ్ తూటాల్ని (పోటీలకి వాడేవాటిని) ముందే నెమ్మదిగా చేసేది ఆ కుదుపు రాకూడదనే. చలికి మైనం పూత కూడా గట్టిపడుతుంది.

ఇప్పుడు తూటాల పెట్టె కోటు లోపలి జేబులో పెట్టుకుంటున్నాను. మా ఆవిడ పొదిగే కోడి అంటోంది.

గచ్చిబౌలి_గురి | హైదరాబాద్ | ఫిబ్రవరి 9

మావయ్యా, మాకు తిప్పలు రివర్స్. మే నెలలో పెట్టె ఎండలో వదిలేస్తే పూత జారిపోయి వేళ్లకి అంటుకుంటుంది. మేము తడిగుడ్డ కప్పిన డబ్బాలో నీడలో పెడతాం. ఇద్దరం కలిసి ఒక పొదిగే పెట్టె చేయించుకుందాం, సగం ఏడాది మీది, సగం మాది.

బక్కతూటా | ఆస్టిన్ | ఫిబ్రవరి 10

అంచు మందం కొలిచి ఏరేవాళ్లు కూడా ఉన్నారు కదా? డయల్ గేజి పెట్టి? దాని మీద ఎవరికైనా అనుభవం ఉందా, లేక అదీ బంగారం కొట్టేనా?

లేత్_మాస్టర్ | డెట్రాయిట్ | ఫిబ్రవరి 10

దానికి తర్కం ఉంది. అంచు ఎంత మందముంటే తూటా తుపాకి గదిలో అంత బిగుతుగా కూర్చుంటుంది, ఆ మందం అన్నిటికీ ఒకటే అయితే పిన్ను దెబ్బ కూడా ఒకేలా పడుతుంది. చవక తూటాల్లో మందం తేడాలు కనపడతాయి, అక్కడ ఏరితే మరీ దారుణమైనవి పక్కకి పోతాయి. మంచి మ్యాచ్ తూటాలో నేను వంద కొలిచాను, సూది కదల్లేదు. అంటే ఏరడం పనికొచ్చే తూటా ఏరినా మ్యాచ్ గెలవదు, మ్యాచ్ గెలిచే తూటాని ఏరక్కర్లేదు. నా అభిప్రాయం అంతే, ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు.

పాత_ఇత్తడి | న్యూజెర్సీ | ఫిబ్రవరి 10

ఒప్పుకోను 😄 గేజి పెట్టి ఏరితే నా పాత రైఫిల్‌లో పేలని తూటాలు తగ్గాయి. గురి పెరిగిందో లేదో నాకు తెలియదు, నా కళ్లు అంత దూరం రావు.

పేలని తూటా మాటొచ్చింది కాబట్టి: ట్రిగ్గర్ లాగాక టిక్ మని ఊరుకుంటే వెంటనే బోల్టు తీయకండి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

ఫీనిక్స్_అమ్మ | ఆరిజోనా | ఫిబ్రవరి 11

ఇంట్లో తూచేవాళ్లకి ఒక అమ్మగా చెబుతున్నా. ఆ గుండ్లు సీసం. తూకం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని అప్పుడు పిల్లల్ని ఎత్తుకోండి. ఆ త్రాసుని వంటింట్లోకి తేవద్దు. మా అమ్మాయి కోచ్ రేంజి బట్టలు కూడా విడిగా ఉతకమంటుంది.

ప్లానో_గురి | డల్లాస్ | మార్చి 9

అమ్మగారూ, త్రాసు వంటింట్లోనే ఉండేది. మార్చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి.

లేత్ గారు చెప్పినట్టే చేశాను. మా బావమరిది మూడు డబ్బాలకి ఎరుపు, పసుపు, నీలం స్టిక్కర్లు వేసి, ఏది ఏ బరువో కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కోదానికి పది గ్రూపులు. రెండు ఆదివారాలు, 150 తూటాలు. కాల్చేటప్పుడు పసుపు డబ్బాయే మధ్యదని నాకు గట్టి నమ్మకం. అంతా అయ్యాక కాగితం విప్పాడు. పసుపు బరువైనవి. మధ్యవి నీలం. మూడింటి సగటులూ పక్కపక్కనే ఉన్నాయి, ఏది గెలిచిందని చెప్పడానికి సిగ్గేస్తుంది. ఫిబ్రవరిలో నేను రాత్రి రెండింటిదాకా తూచిన వెయ్యి తూటాలు మళ్లీ ఒకే డబ్బాలో కలిపేశాను.

ఆ తర్వాత అదే రకం తూటా మూడు వేరు వేరు లాట్ నంబర్లవి ఒక్కో పెట్టె కొన్నాను. స్టిక్కర్ల పద్ధతే. ముందు 15 వదిలేసి తర్వాత లెక్క. రెండు లాట్లు నా మామూలు తూటాలాగే కొట్టాయి. మూడోది మాత్రం మొదటి గ్రూపు నుంచి చివరి గ్రూపు దాకా చిన్నగానే ఉంది. క్రోనోగ్రాఫ్‌లో కూడా దాని వేగాలు దగ్గర దగ్గరగా పడ్డాయి. బావమరిది కాగితం విప్పకముందే ఇద్దరికీ తెలిసిపోయింది.

లేత్_మాస్టర్ | డెట్రాయిట్ | మార్చి 9

పసుపు మీద నమ్మకం పెట్టుకుని ఓడిపోయానని ఒప్పుకున్నారు చూడండి, నాకు అదే నచ్చింది. మూడో లాట్‌ని వేరే రోజు, వేరే వెలుతురులో ఇంకోసారి కొట్టి చూడండి. నిలబడితే అప్పుడు కొనండి.

ప్లానో_గురి | డల్లాస్ | మార్చి 16

నిలబడింది. షాపుకి ఫోన్ చేస్తే ఆ లాట్‌వి ఇంకో 11 పెట్టెలే ఉన్నాయట. రేపు పొద్దున తెరవగానే వెళ్తున్నాను. ఫ్రిస్కో, మెకిన్నీ వైపు ఎవరైనా ఉంటే ఆ లాట్ నంబరు అడగొద్దు, చెప్పను.